నాగాయలంకకు ఎన్ని రంగులు చేరాయి

భవానీపురంలో మా అపార్ట్‌మెంటు డాబా మీద, తూర్పు వైపు నీళ్ళ ట్యాంకు నుంచి పడమటి పిట్టగోడ మీది ఇనుప గొట్టం వరకు, ఇరవై మీటర్ల రాగి తీగ ఒకటి కట్టి ఉండేది. అది నాది. దాని మీద బట్టలు ఆరవేయరాదని ఒక పలక రాయించి ట్యాంకుకు తగిలించాను. ఆ పలకకు మూరెడు దూరంలో, ఆ తీగ మీదనే, గంజి పెట్టిన నేత చీరలు ఆరుతుండగా ఎన్నోసార్లు చూశాను. ఈ భవనంలో తెలుగు చదవడం రానివారు ఎవరూ లేరు.

నేను అమెచ్యూర్ రేడియో ఆపరేటరును. ప్రభుత్వం పెట్టిన పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, సొంత ట్రాన్స్‌మిటరుతో సాటి లైసెన్సుదారులతో మాట్లాడే మమ్మల్ని హామ్‌లంటారు. కళాశాల గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లోనే లైసెన్సు సంపాదించాను. రిటైరయ్యాక రేడియోకు తీరిక చిక్కింది. జేబులో ఫోను పెట్టుకుని ఇదంతా ఎందుకని అడిగేవారికి జవాబు చెప్పడం మానేశాను. అడిగినవారెవరూ జవాబు పూర్తయ్యేదాకా నిలబడలేదు.

నా తీగ పొడవు నలభై మీటర్ల బ్యాండు తరంగంలో సరిగ్గా సగం. ఒక కొసన చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టె, అక్కడి నుంచి నా గదిలోని రేడియోకు కేబులు. ఆ పొడవులో కత్తిరించడం వల్ల అదే తీగ ఇరవై, పదిహేను, పది మీటర్ల బ్యాండ్లలో కూడా పనిచేస్తుంది. ఒక్క తీగ, నాలుగు బ్యాండ్లు; ట్యూనర్ అక్కరలేదు. తీగ పొడవు బ్యాండుకు కుదరనప్పుడు, ఆ తేడా రేడియోకు తెలియకుండా సర్దిపెట్టే పెట్టెను ట్యూనర్ అంటారు. కొలిచి కత్తిరించగలిగిన చోట సర్దుబాటు సోమరితనమని నా అభిప్రాయం. కాబట్టి దాన్ని కొనలేదు.

ఈ తీగతో నేను ప్రతి ఉదయం స్టీఫెన్ గారితో మాట్లాడతాను. ఆయన నాగాయలంకలో ఒక ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్లు చూసేవారు. మోకాళ్ళు అరిగాక ఇల్లు కదలడం లేదు. ఆయనను నేను ముఖాముఖి చూసింది ఒక్కసారి, హనుమాన్ జంక్షన్‌లో హామ్‌లమంతా కలిసినప్పుడు. ఆయన ఉప్పుటేరు గురించీ, పీతల చెరువుల గురించీ చెబుతారు. నేను చదువుతున్న పుస్తకం గురించి చెబుతాను. రేడియోలో ఒకరు మాట్లాడుతుండగా రెండోవారు అడ్డురాలేరు. మీట వదిలేదాకా వినవలసిందే. నేను మొదలుపెట్టిన వాక్యం నా నోటనే ముగిసేది రోజు మొత్తంలో ఆ కాసేపే. తక్కిన వేళల్లో అపార్ట్‌మెంటులో ఎవరో ఒకరు దాన్ని పూర్తిచేసి పెడతారు, తప్పుగా.

అటువంటి తీగను తీసేయాలని మా సంఘం కార్యదర్శి దుర్గాశంకర్ నిర్ణయించాడు. అతనికి వస్త్రలత బట్టల మార్కెట్లో చీరల హోల్‌సేలు దుకాణం ఉంది. మర్యాదస్థుడు. అతని నోటి నుంచి 'కాదు' అన్న మాట ఎవరూ విని ఉండరు. 'చూద్దాం లెండి' అంటాడు. ఆ తరువాత తాను అనుకున్నదే చేస్తాడు. డాబా అంతా కప్పుతూ రేకుల షెడ్డు వేయిస్తే శుభకార్యాలకు హాళ్ళు వెతుక్కునే పని ఉండదని అతని ఆలోచన. ఇనుప రేకుకు జానెడు ఎత్తున తీగ కడితే అది యాంటెన్నా కాదు, దండెం అవుతుందని నేను చెప్పాను. అతను తల ఊపుతూ విన్నాడు.

"మరేం పర్లేదు మేడమ్. మా మేనల్లుడు సిద్ధార్థకి కూడా లైసెన్సొచ్చింది. ట్యూనర్ ఉంటే సగం వైరు సరిపోద్దంట. మూల నించోబెడితే చాలంట. మీరూ ఒకటి పెట్టేసుకోండి, వాడే వచ్చి ఫిట్ చేస్తాడు."

సిద్ధార్థ ఉయ్యూరు కుర్రవాడు. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తూ మేనమామ దగ్గర ఉంటున్నాడు. అతని రేడియోలోనే ట్యూనర్ ఉంది. మీట నొక్కగానే అది లోపల టకటకలాడి, మీటరు ముల్లును అడుగుకు దించుతుంది. ఆ మీటరు చూపేది రేడియో పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగి వస్తున్నదో ఆ నిష్పత్తి. ఒకటికి ఒకటి అంటే ఏమీ వెనక్కి రావడం లేదని అర్థం. వెనక్కి రానిదంతా ఆకాశంలోకి వెళ్ళిందని అర్థం కాదు. తూము దగ్గర నీరు లెక్క ప్రకారమే వదిలినా, బోదె గట్టు తెగితే చేనుకు చేరదు. ట్యూనర్ రేడియో దగ్గర ఉండి, పొడవు కుదరని తీగ కేబులుకు ఆ చివరన ఉంటే, శక్తి ఆ మధ్యలోనే వేడిగా పోతుంది. ఇదంతా అతనికి విడమరిచి చెప్పాను. అతను ఓపికగా విని, తన రేడియో తెర నా వైపు తిప్పాడు.

"వన్ ఈజ్ టు వన్ ఆంటీ. మీటరు అబద్ధం చెప్పదు కదా."

నా మీటరు కూడా దాదాపు అంతే చూపుతుందనీ, అదీ ట్యూనర్ లేకుండాననీ అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు ఎంతో తృప్తి కలిగింది.

చివరకు సంఘం సభ్యుల ఎదుట రెండింటినీ పరీక్షించాలని తేలింది. దుర్గాశంకర్ ఒప్పుకున్నాడు. ఆదివారం ఉదయం డాబా మీద సమావేశం. సిద్ధార్థ తీగ ఒకసారి, నా తీగ ఒకసారి. నాగాయలంక నుంచి స్టీఫెన్ గారు తీర్పు చెబుతారు. రెండూ ఒకేలా వినబడితే నా తీగ దిగిపోతుంది, షెడ్డు వస్తుంది. నాది మాత్రమే పనిచేస్తే షెడ్డు విషయం తిరిగి ఆలోచించాలి. మూలన నిలబెట్టే పొట్టి తీగతో నాగాయలంక నాకు అందదని నాకు తెలుసు. అంటే పరీక్ష తీగకు మాత్రమే కాదు, స్టీఫెన్ గారితో నా ఉదయాలకు కూడా.

ఆదివారం సమావేశానికి షామియానా వేశారు. ఇడ్లీ, చట్నీ కూడా ఉన్నాయి. నలుగురు కలిసి ఒక విషయం తేల్చుకోవడానికి మనకు ఇడ్లీ ఎందుకు అవసరమో నాకు ఇప్పటికీ బోధపడలేదు. ముందు వరుసలో దుర్గాశంకర్ తల్లి చౌడేశ్వరమ్మ కూర్చుంది. పెళ్ళికి ముందూ తరువాతా ముప్పై ఏళ్ళకు పైగా మగ్గం మీద కూర్చున్న మనిషి. నా తీగ మీద ఆరిన చీరల్లో అధిక భాగం ఆమెవే. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకు తెలుసునని కూడా తెలుసు. రెండు రేడియోలనూ బల్ల మీద పెట్టి, రెండు కేబుళ్ళూ అక్కడికే తెచ్చాము. సిద్ధార్థ చేపలు పట్టే ఫైబర్‌గ్లాస్ గెడకు తొమ్మిది మీటర్ల తీగ చుట్టి మూలన నిలబెట్టాడు.

మొదట అతను పిలిచాడు. స్టీఫెన్ గారి గొంతు స్పీకరులో స్పష్టంగా వచ్చింది.

"ఫైవ్ నైన్ అండీ బాబూ. చాలా బాగా వస్తన్నారు."

అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి అంకె మాట ఎంత స్పష్టంగా ఉందో అయిదు మార్కులకు చెప్పేది. రెండోది ఎంత బలంగా ఉందో తొమ్మిదికి చెప్పేది. అంతకు మించిన మార్కులు లేవని సిద్ధార్థ వివరించగానే మళ్ళీ చప్పట్లు కొట్టారు.

తరువాత నేను నా తీగ మీద పిలిచాను. అదే గొంతు, అదే ఆప్యాయత.

"ఫైవ్ నైన్, మల్లీశ్వరి గారూ. ఎప్పట్లాగే."

దుర్గాశంకర్ లేచి నిలబడి, రెండూ సమానమేనని తేలింది కాబట్టి మేడమ్ గారికి ఏ లోటూ రాకుండా సిద్ధార్థ చూసుకుంటాడని ప్రకటించాడు.

ఇక్కడ మా హామ్‌ల ఆచారం ఒకటి చెప్పాలి. పలకరించిన ప్రతివారికీ ఫైవ్ నైన్ ఇవ్వడం మాలో పాతుకుపోయిన మర్యాద. 'నీ పేరేమిటో వినబడలేదు, నాలుగోసారి చెప్పు, నీకు ఫైవ్ నైన్' అన్నవారిని నా చెవులతో విన్నాను. కొలత కోసం పుట్టిన అంకెను నమస్కారంగా మార్చుకున్నారు. నేను మాత్రం ఎవరికైనా విన్నంతే ఇస్తాను. స్టీఫెన్ గారికి ఏనాడూ ఫైవ్ సెవెన్ దాటి ఇవ్వలేదు. ఈ సంగతి సమావేశంలో చెప్పి, ఆ రెండు రిపోర్టులకూ విలువ లేదన్నాను. వెనక వరుసల్లో ఎవరో, ఓడిపోయాక అలాగే ఉంటుందని నవ్వారు. నేను కూర్చోలేదు. కూర్చుంటే తీర్మానం అయిపోతుంది.

అప్పుడు చౌడేశ్వరమ్మ మాట్లాడింది.

"వదినగారు చెప్పేది నిజమేరా శంకరం. మన కొట్లో కుర్రాళ్ళు ఏ చీర ఎవరి భుజాన వేసినా 'మీకోసమే నేసినట్టుందండీ' అంటారు. ఆ మాట నమ్మి కొంటే మనం బతుకుతున్నాం. ఆయనా అదే అంటున్నాడు."

"అయితే ఏం చేద్దామంటావమ్మా?"

"బాగుందా అని అడక్కండి. ఏ రంగో చెప్పమనండి. విన్నోడైతే చెప్తాడు, విననోడు నీళ్ళు నముల్తాడు."

గ్రంథాలయంలో జీవితమంతా గడిపిన నాకు ఈ ఆలోచన రాకపోవడం నాకు కోపం తెప్పించింది. కోపాన్ని పక్కన పెట్టి నియమాలు చెప్పాను. లైసెన్సు లేనివారు మైకులో మాట్లాడరాదు; కనుక ఆమె రంగుల పేర్లు మాకు చెప్పాలి, మేము పలకాలి. ఒక్కో తీగకు పది రంగులు, వేటికవే వేరు. స్టీఫెన్ గారు రిపోర్టు ఇవ్వకుండా, విన్న పేర్లు మాత్రమే తిరిగి చెప్పాలి. ఆయనకు ఈ నియమాలు నేను రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. నేను మాట్లాడేది ఆయనకు అర్థం కావడం లేదనుకున్నాను. అది వినబడకపోవడం అయి ఉంటుందని నాకు తోచలేదు.

సిద్ధార్థ మొదలుపెట్టాడు. నెమలికంఠం, అరిటాకు పచ్చ, వంగపండు, గంధం, ఇటుక రంగు. ఇలా చౌడేశ్వరమ్మ చెవిలో చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా పలికాడు. తరువాత స్టీఫెన్ గారు గంధం, వంగపండు అన్నారు. తక్కినవి పట్టుబడలేదండీ, క్షమించాలి అన్నారు. సిద్ధార్థ తన మీటరు వైపు చూశాడు. ముల్లు ఇంకా అడుగునే, ఒకటికి ఒకటి దగ్గర ఉంది.

నా వంతు వచ్చింది. ఉల్లిపొర రంగు నుంచి పాలపిట్ట నీలం వరకు పదీ, గ్రంథాలయంలో పుస్తకాల శీర్షికలు చదివే గొంతుతో చదివాను. పదీ తిరిగి వస్తాయన్న విషయంలో నాకు సందేహం లేదు.

అయిదు వచ్చాయి. అయిదోది కూడా ఊహించి చెప్పినట్టుంది.

షామియానా కింద ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ మర్యాదను నేను గమనించాను. మైకు తీసుకుని స్టీఫెన్ గారిని అడిగాను: ఈ ఒక్క రోజేనా, ఎప్పుడూ ఇంతేనా?

"మల్లీశ్వరి గారూ, పోయినేటి వానల కాణ్ణించి మీరు సగమే వినపడతన్నారండీ."

"మరి రోజూ ఫైవ్ నైన్ ఎందుకిచ్చారు?"

"అందరికీ ఇచ్చేదే కదండీ. మీకు తగ్గించి ఇస్తే మీరు కష్టపెట్టుకుని, రావడం మానేస్తారేమోనని. మీరు రాకపోతే నాకు పొద్దున్నే పలకరించేవాళ్ళు లేరు."

నేను ఒక నవలలో తండ్రి పాత్ర గురించి అడిగితే ఆయన పీతల ధర గురించి చెప్పిన ఉదయం నాకు గుర్తుకు వచ్చింది. అటువంటి ఉదయాలు మరికొన్ని కూడా. వయసు వల్ల పరధ్యానం అనుకుని, ఆయనను మనసులో క్షమించాను. ఏడాదికి పైగా నేను చెప్పినదానిలో సగం నాగాయలంకకు చేరలేదు. ఆయన అవునండీ, అవునండీ అంటూ వచ్చారు.

దుర్గాశంకర్ మెల్లగా, తప్పుగా అనుకోవద్దని, రెండూ పనిచేయడం లేదు కాబట్టి ఇక షెడ్డుకు అడ్డేమీ లేనట్టే కదా అన్నాడు. అతని తర్కంలో దోషం లేదు. నాకు ఒక గంట వ్యవధి కావాలన్నాను.

సిద్ధార్థను వెంటబెట్టుకుని నా కేబులు పొడవునా చూశాను. పిట్టగోడ మలుపు దగ్గర ఎండకు పై తొడుగు సన్నగా చిట్లింది. కత్తితో చీరితే లోపలి రాగి అల్లిక నల్లబడి, తడిగా ఉంది. చీరిన చోటు నుంచి నీటి చుక్క నా వేలి మీదికి జారింది. పోయిన ఏడాది వానలకు లోపలికి దిగిన నీరు. అప్పుడు అంతా అర్థమైంది. తడిసిన కేబులు పైకి వెళ్ళే శక్తిని మింగుతుంది. తీగ తిప్పి పంపినదాన్నీ మింగుతుంది. వెనక్కి వచ్చేది ఏమీ మిగలదు కాబట్టి మీటరు నిశ్చింతగా కిందనే ఉంటుంది. నా మీటరు ఏడాదిగా మరింత మెరుగుపడుతూ వచ్చింది. అది నా కొలత గొప్పతనమనుకున్నాను. వినేటప్పుడు ఆ నష్టం తెలియదు, ఎందుకంటే కేబులు గొంతునూ గోలనూ సమానంగా తగ్గిస్తుంది, రేడియో రెండింటినీ సమానంగా పెంచి వినిపిస్తుంది. ఆయన నాకు స్పష్టంగా వినబడుతూనే ఉన్నారు.

సిద్ధార్థ ఆ చీలిక వైపు చూస్తూ, "అంటే నా మీటరూ, మీ మీటరూ రెండూ..." అని ఆగాడు.

"రెండూ నిజమే చెప్పాయి. మనం అడిగింది వేరు," అన్నాను. "నీ కేబులు ఊడదియ్యి. కొత్తది కదా."

అతను ఊడదీశాడు. ట్రాన్స్‌ఫార్మరు పెట్టె తెరిచి, స్క్రూల తుప్పు గీకి, అతని కేబులు నా తీగకు బిగించాము. మీటరు ముల్లు ఇదివరకెన్నడూ లేనట్టు పైకి లేచి, రెండుకు కొంచెం ఇవతల నిలిచింది. చూడటానికి వచ్చిన దుర్గాశంకర్‌కు ఇది నచ్చలేదు.

"ఇందాకే నయం కదా మేడమ్. ఇప్పుడు బాగా చెడిపోయినట్టుంది."

చౌడేశ్వరమ్మ కొత్తగా పది రంగులు ఎంచింది. ఈసారి కావాలనే కష్టమైనవి ఎంచిందని ఆమె ముఖం చూస్తే తెలిసింది. నేను చదివాను. స్టీఫెన్ గారు మిరపపండు, చిలకపచ్చ అంటూ మొదలుపెట్టి వరుస తప్పకుండా తొమ్మిది చెప్పారు. పదోదాని దగ్గర ఆగారు.

"పదోది ముక్కుపొడి అని వినపడిందండీ. అట్టాంటి రంగు ఉంటదా?"

"ఉంటుందని చెప్పండి వదినగారూ," అంది చౌడేశ్వరమ్మ. "ఆయన భార్యకి ఎప్పుడూ కొనిపెట్టి ఉండడు."

ఈ మాటను నేను ప్రసారం చేయలేదు. పదీ చేరాయని మాత్రం సమావేశానికి చెప్పాను. తక్కిన బ్యాండ్లను కూడా సిద్ధార్థ ఒక్కొక్కటే చూశాడు. ఇరవైలోనూ పదిలోనూ ఇబ్బంది లేదు. పదిహేనులో ముల్లు మూడు దాటింది, రేడియో తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించేసుకుంది. తీగ ఆ బ్యాండులో నేను అనుకున్న చోట పలకడం లేదని, ఆ సంగతిని ఇన్నాళ్ళూ తడి కేబులు కప్పి ఉంచిందని స్పష్టమైంది. ఆ ఒక్క దానికి ట్యూనర్ కావాలి ఆంటీ అన్నాడు. కావాలి, కానీ తీగ మొదట్లో, గదిలో కాదు అన్నాను. అతను ఈసారి తెర తిప్పి చూపించలేదు.

మిగిలింది తీర్మానం. దుర్గాశంకర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"చూద్దాం లెండి మేడమ్. కమిటీలో ఒకసారి మాట్లాడి..."

"స్టీఫెన్ గారిని అడిగినట్టే మిమ్మల్నీ అడుగుతున్నాను. నాకు ఫైవ్ నైన్ వద్దు. ఈ తీగ ఉంటుందా, ఉండదా?"

అతను తల్లి వైపు చూశాడు. ఆమె ఇడ్లీ ప్లేటు వైపు చూస్తోంది. ఆ మాట అనడానికి అతను నిజంగానే శ్రమపడ్డాడు, నేను తొందరపెట్టలేదు.

"షెడ్డు ఆపలేను మేడమ్. ఎండలో ఫంక్షన్లు చేసుకోలేక సగం మంది నన్ను తిడుతున్నారు. తూర్పు సగం వరకే వేయిస్తా, రేకు అంతకంటే ఒక్క అడుగు దాటదు. పడమటి సగం మీది. ఆ సగంలో మీ వైరు పట్టకపోతే మాత్రం నేనేం చెయ్యలేను."

కావలసినంత కాదు. కానీ కొలవదగిన మాట. టేపు తెప్పించి అప్పుడే కొలిచాను. తీగ తిన్నగా పట్టదు. డాబా మధ్యలో కొత్త గొట్టం ఒకటి పాతి, అక్కడి నుంచి పడమటి గోడ దాకా సగం, ఆ గోడ వెంట మలిచి మిగతా సగం కడితే పడుతుంది. అలా వంచితే నేను కత్తిరించిన పొడవు నేను కత్తిరించినట్టు పనిచేయదు. ఇనుప రేకులు పక్కనే ఉంటాయి, నలభై మీటర్లలో కూడా ముల్లు పైకి లేస్తుంది. అప్పుడు ట్యూనర్ ఒక్క బ్యాండుకు కాదు, అన్నిటికీ కావాలి. అన్నీ లెక్కవేసుకుని, సరేనన్నాను.

షెడ్డు పూర్తయ్యేలోగా తీగను వంచి కట్టాము. నేను కొన్న ట్యూనర్‌ను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కొత్త గొట్టం మొదట్లో బిగించింది సిద్ధార్థ. డబ్బా మూత అంచుకు మైనం పూసింది నేను. ఆ పని మరొకరి మీద వదలలేదు.

మరునాటి ఉదయం నాగాయలంకను పిలిచాను. స్టీఫెన్ గారు వెంటనే పలికారు గాని, రిపోర్టు దగ్గర తటపటాయించారు.

"ఫైవ్ సిక్స్ అండీ. అంతకన్నా లేదు. కోపం రాలేదు కదా?"

రాలేదన్నాను. రాసుకున్నాను.

"అయితే ఒకటి అడగొచ్చా అండీ? ఆ ఏడాదీ నాకు వినపడని సగంలో ఏమేం చెప్పారు?"

చాలా ఉంది, వరుసగా చెప్పాలి, మధ్యలో ఒక్క ముక్క వినబడకపోయినా ఆపించాలి, అవునండీ అనకూడదు అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. ఆ నవలలో తండ్రి ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళాడో అక్కడి నుంచి మొదలుపెట్టాను. రెండో వాక్యం దగ్గరే ఆయన ఆపించారు. మళ్ళీ చెప్పాను.